కుండీలో మట్టికి బదులు ఎండుగడ్డి: మొక్క కంటే ముందు తినేదెవరు?

క్లుప్తంగా: ఎండుగడ్డి తేలిక, గాలి బాగా ఆడుతుంది, పంట కోసిన ప్రతిసారీ మళ్లీ వస్తుంది. అందుకే కుండీల్లో మట్టికి బదులు దాన్ని నింపి చూసేవాళ్లున్నారు. ఫలితాలకు మాత్రం పొంతన ఉండదు. ఒక కుండీలో టమాటా విరగకాస్తే, ఇంకో కుండీలో అదే నారు మూడో వారానికే పసుపెక్కి ఎదుగుదల ఆపేస్తుంది. తేడా ప్రధానంగా గడ్డి రకంలో లేదు, మొక్క నాటేనాటికి అది ఎంతవరకు మాగిందన్న దానిలో ఉంది. పచ్చి గడ్డి, అంటే ఇంకా చివకని ఎండుగడ్డి, నత్రజనిని లాక్కుంటుంది, నీటిని నిలపదు, సగానికి కుంగిపోతుంది. ఈ మూడింటికీ విరుగుడు ఉంది గానీ, అది నాటిన తర్వాత చేసేది కాదు, నాటకముందే చేయాల్సింది.

ఒకే పేరు, రెండు సరుకులు

ఎండుగడ్డి అనే ఒక్క మాట కిందే రెండు వేర్వేరు సరుకులు నడుస్తాయి. ఒకటి వరి, గోధుమ, బార్లీ, ఓట్స్ లాంటి పంటల నుంచి గింజ రాల్చుకున్నాక మిగిలే కాడ. రెండోది పశువుల మేత కోసం పచ్చగా ఉండగానే కోసి ఎండబెట్టిన గడ్డి. మొదటిదానిలో సారమంతా గింజలోకి వెళ్లిపోయి ఉంటుంది, మిగిలేది దాదాపు పీచు. రెండోదానిలో ఆకు, పూత, విత్తనం అన్నీ ఉంటాయి. నత్రజని ఎక్కువ కాబట్టి త్వరగా చివుకుతుంది, కానీ నాలుగు తడులు పడేసరికి కుండీ నిండా కలుపు మొలుస్తుంది. ఈ వ్యాసంలో గడ్డి అంటే మొదటి రకమే.

ఆ రకంలోనూ తేడాలున్నాయి. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, సుమారు పదో వంతు దాకా ఉంటుంది. గోధుమ గడ్డిలో అంతకంటే బాగా తక్కువ. గోధుమ కాడ బోలుగా, బిరుసుగా ఉండి కుండీలో కొన్నాళ్లపాటు ఆకారం నిలుపుకుంటుంది. వరిగడ్డి మెత్తగా ఉండి తడవగానే అణిగిపోతుంది, పొరలుపొరలుగా అతుక్కుంటుంది.

నత్రజని ఎటు పోతోంది

గడ్డి కుండీలో మొక్క పసుపెక్కితే మొదట వచ్చే అనుమానం గడ్డిలో బలం లేదని. సగం నిజమే. కానీ బలం లేని ఇసుకలో పెంచినా, పోసిన ఎరువు మొక్కకు అందుతుంది. గడ్డిలో పోసిన ఎరువు కూడా అందదు. లెక్క చూస్తే కారణం తెలుస్తుంది.

కిలో ఎండుగడ్డిలో కర్బనం సుమారు 400 గ్రాములు. నత్రజని 5 గ్రాములకు కాస్త అటూఇటూ. అంటే కర్బన, నత్రజనుల నిష్పత్తి 80కి 1. గడ్డిని కుళ్లబెట్టే బ్యాక్టీరియా, బూజుల శరీరాల్లో ఈ నిష్పత్తి 8 లేదా 10కి 1. అవి తిన్న కర్బనంలో మూడింట రెండొంతులు ఊపిరిగా, బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తాయి. మిగతా మూడో వంతుతో, అంటే సుమారు 130 గ్రాములతో, కొత్త శరీరాలు కట్టుకుంటాయి. దానికి 13 నుంచి 16 గ్రాముల నత్రజని కావాలి. గడ్డిలో ఉన్నది 5. లోటు పది గ్రాముల దరిదాపుల్లో ఉంది.

ఆ లోటును సూక్ష్మజీవులు చుట్టుపక్కల తడిలో కరిగి ఉన్న నత్రజనితో పూడ్చుకుంటాయి. వేరు ఎదురుచూస్తున్నదీ ఆ నత్రజని కోసమే. ఈ పోటీలో వేరు గెలవదు. వేరు వెళ్లి వెతుక్కోవాలి, సూక్ష్మజీవులు ప్రతి పీచు మీదా ముందే కూర్చుని ఉంటాయి. నత్రజని కుండీ దాటి ఎక్కడికీ పోలేదు. వాటి శరీరాల్లో చిక్కుకుంది, అంతే. తినడానికి సులువైన కర్బనం అయిపోయి అవి చావడం మొదలుపెట్టాక మళ్లీ విడుదలవుతుంది. నిష్పత్తి సుమారు 20కి 1కి దిగేదాకా మొక్కకు మిగులు కనబడదు. కుండీలో అది వారాల పని కాదు, నెలల పని. ఆలోపు ఆకుకూరల పంట కాలమే అయిపోతుంది.

లక్షణం గుర్తుపట్టడం కష్టం కాదు. నత్రజని మొక్కలో కదిలే పోషకం కాబట్టి, కొరత రాగానే మొక్క ముదురు ఆకుల్లోంచి తీసి చిగురుకు పంపుతుంది. అందుకే అడుగు ఆకులు ముందు వెలిసిపోతాయి. చిగురు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము కొరత. మాగుతున్న గడ్డిలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దాటి పైకి పోయినప్పుడు అదీ కనిపిస్తుంది. రెండింటికీ ఒకటే మందు వేసి ఫలితం లేదనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

లోటు పది గ్రాములని తెలిశాక మందు లెక్క తేలికే. యూరియాలో 46 శాతం నత్రజని, కాబట్టి కిలో గడ్డికి సుమారు 20 గ్రాములు. పొలంలో గడ్డిని కలియదున్నేటప్పుడు టన్నుకు పది కిలోల నత్రజని వేయడమన్న పాత సూత్రం కూడా ఇదే నిష్పత్తి. అయితే అంతా ఒకేసారి పోయకూడదు. వెచ్చగా, తడిగా ఉన్న గడ్డిలో యూరియా వేగంగా అమ్మోనియాగా మారుతుంది. ముక్కు మండే వాసన వస్తోందంటే వేసిన నత్రజని గాల్లోకి పోతోందని అర్థం, ఆ దశలో నారు నాటితే వేళ్లు మాడతాయి. రెండు మూడు లీటర్ల నీటిలో 5 గ్రాముల చొప్పున, మూడు నాలుగు రోజులకోసారి, నాలుగు విడతలుగా ఇస్తే సూక్ష్మజీవులు ఎప్పటికప్పుడు పట్టి ఉంచుతాయి.

ఇక్కడే మల్చింగ్ గురించిన గందరగోళం కూడా తీరుతుంది. మట్టి మీద గడ్డి పరిస్తే మొక్క పసుపెక్కదు, అదే గడ్డిని కలిపితే పసుపెక్కుతుంది. పైన పరిచినప్పుడు మట్టిని తాకేది అడుగు పొర ఒక్కటే, వేళ్లు ఉండేది దాని కింద. కలిపినప్పుడు ప్రతి పీచూ వేరు పక్కనే ఉంటుంది.

లీటరు పోస్తే లీటరూ కిందికే

పొడి గడ్డి దట్టించిన కుండీలో లీటరు నీళ్లు పోస్తే కొద్ది క్షణాల్లోనే దాదాపు అంతా అడుగు రంధ్రాల్లోంచి లేత టీ రంగులో బయటికి వస్తుంది. పైకి చూస్తే అంతా తడిసినట్టే ఉంటుంది. మధ్యలోంచి ఒక కాడ లాగి గోటితో చీలిస్తే లోపల తెల్లగా, పొడిగా ఉంటుంది. పంట నిలబడి ఉన్నప్పుడు కాడను ఎండ, వాన, తెగుళ్ల నుంచి కాపాడిన మైనపు పూత కోత తర్వాత కూడా తన పని తాను చేస్తూనే ఉంటుంది. నీరు దాని మీద జారుతుంది తప్ప ఇంకదు.

మంచి కుండీ మిశ్రమంలో నీరు పోసి వడిసిన తర్వాత ఘనపరిమాణంలో 10 నుంచి 30 శాతం గాలి, 45 నుంచి 65 శాతం నీరు ఉండాలని నర్సరీల లెక్క. పొడవాటి పచ్చి గడ్డిలో ఈ రెండూ తారుమారవుతాయి. ఖాళీలన్నీ పెద్దవి కావడంతో గాలి దండిగా ఉంటుంది, నీరు నిలవదు. వేళ్లు కాడల మధ్య గాలిలో వేలాడతాయి.

దీనికి రెండు పనులు చేయాలి. ఒకటి, గడ్డిని ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించడం. కోసిన ప్రతి చివరా మైనం లేని ద్వారం, నీరూ బూజూ లోపలికి పోయేది అక్కడినుంచే. రెండు, కుండీలోకి ఎక్కించకముందే గడ్డిని తొట్టిలో ఒకటి రెండు రోజులు ముంచి ఉంచడం. తేలిపోకుండా పైన బరువు పెట్టాలి. ఆ నీటిని పారబోయడంలో ఇంకో లాభం ఉంది. గడ్డి బరువులో ఒకటి నుంచి రెండు శాతం పొటాషియం ఉంటుంది, అది పీచుకు అతుక్కుని ఉండదు కాబట్టి క్లోరైడుతో పాటు నీటిలోకి దిగిపోతుంది. లేత నారుకు ఆ ఉప్పు భరించలేనంత అవుతుంది. పారబోసిన నీటిని నేలలో ఉన్న పెద్ద మొక్కలకు పలచగా కలిపి పోస్తే పొటాషియం వృథా కాదు.

అలాగని నానబెట్టి వారాలపాటు నీటిలోనే వదిలేయడమూ తప్పే. గాలి అందని తడి గడ్డిలో ఎసిటిక్ ఆమ్లం లాంటివి తయారవుతాయి, మొలకల వేళ్లను అవి అక్కడికక్కడే ఆపేస్తాయి. పుల్లటి వాసన దానికి గుర్తు. కుండీ అడుగున ఎప్పుడూ కొన్ని సెంటీమీటర్ల మేర నీటితో నిండిన పొర నిలుస్తుంది. దాని మందం మిశ్రమం మీద ఆధారపడుతుంది, కుండీ ఎత్తు మీద కాదు. గడ్డి పొడవుగా ఉన్నప్పుడు ఆ పొర పలచగా ఉంటుంది, చివికి మెత్తబడేకొద్దీ దళసరి అవుతుంది. మొదటి నెలలో రోజుకు రెండుసార్లు నీళ్లడిగిన కుండీ మూడో నెలలో అదే నీటికి అడుగున మురిగిపోవడానికి కారణం ఇదే. గడ్డి కుండీకి నీటి షెడ్యూలు రాసుకుని పాటించడం కుదరదు, ఎత్తి బరువు చూసి పోయాల్సిందే.

బేలులో పండింది కుండీలో ఎందుకు పండదు

గడ్డిలో కూరగాయలు పెంచడం కొత్త ఆలోచన కాదు. ఇరవయ్యో శతాబ్దం మధ్య దశాబ్దాల్లో బ్రిటన్ గాజుగృహాల్లో నేలలో తెగుళ్లు పేరుకుపోయినప్పుడు, సాగుదారులు గడ్డి బేళ్లను, అంటే యంత్రంతో బిగించి కట్టిన దిమ్మెలను, వరుసగా పేర్చి, నత్రజని ఎరువుతో తడిపి, వాటి మీద దోస, టమాటా పెంచారు. తర్వాతి కాలంలో అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన జోయెల్ కార్‌స్టెన్ ఆ పద్ధతిని ఇంటితోటల వాళ్లకు చేర్చారు. నాటడానికి ముందు పది పన్నెండు రోజుల పాటు నీరు, నత్రజని ఇచ్చి బేలును మాగబెట్టడం అందులో అసలు కిటుకు. కుండీలో ప్రయత్నించేవారు చాలామంది ఆ విజయాన్ని చూసే మొదలుపెడతారు. మాగబెట్టే దశను వదిలేస్తారు, లేదా బేలుకు చెప్పిన రోజుల లెక్కనే కుండీకీ వాడతారు.

బేలు 15, 20 కిలోల గడ్డి, యంత్రం బిగించి కట్టింది. సూక్ష్మజీవుల పని వల్ల పుట్టిన వేడి లోపలే నిలిచి 50 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి కుళ్లడం వేగం పుంజుకుంటుంది, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. పదిలీటర్ల కుండీలో చేత్తో ఎంత అదిమినా కిలో గడ్డి పట్టడం గగనం. పుట్టిన వేడి పుట్టినట్టే గోడల్లోంచి పోతుంది, చేయి పెడితే గోరువెచ్చదనం కూడా తగలదు. ఫలితంగా బేలులో రెండు వారాల్లో ముగిసే తొలి ఉధృతి కుండీలో నెలన్నర, రెండు నెలలు సాగుతుంది. మొక్క కాపురమంతా ఆ ఉధృతి మధ్యలోనే గడుస్తుంది.

పైగా బేలు అడుగు నేలకు ఆనుకుని ఉంటుంది. వేళ్లు అవసరమైతే కిందికి దిగి మట్టిలో నీరు, సున్నం, భాస్వరం వెతుక్కుంటాయి. కుండీకి ఆ దారి లేదు. గడ్డిలో భాస్వరం అత్యల్పం, కాల్షియమూ చాలదు. నత్రజని లెక్క సరిచేసుకున్న కుండీలో కూడా టమాటా కాయల అడుగు నల్లబడితే, ఎగుడుదిగుడుగా అందే నీరు, చాలని కాల్షియం కలిసి చేసిన పని అది.

కాబట్టి మాగబెట్టడం కుండీలో కాకుండా బయట జరగాలి. తడిపిన గడ్డి ముక్కలను, నత్రజని కలిపి, కనీసం మీటరు ఎత్తు కుప్పగా పేర్చి కప్పితే వేడెక్కుతుంది. అంత గడ్డి లేనప్పుడు సంచిలో కట్టి, గాలికి నాలుగు రంధ్రాలు పెట్టి, వారానికోసారి తిరగేస్తూ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగడం రెండో మార్గం. సిద్ధమైందో లేదో చెప్పడానికి పరికరాలేమీ అక్కర్లేదు. బంగారు రంగు పోయి ముదురు గోధుమ రంగు వస్తుంది. కాడను రెండు వేళ్ల మధ్య నలిపితే లాగకుండానే తెగుతుంది. వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. కుండీ మీద బూడిదరంగు పుట్టగొడుగులు పొద్దున లేచి సాయంత్రానికి నల్లటి సిరాలా కరిగిపోవడమూ మంచి సూచనే, గడ్డి చివుకుతోందని. మొక్కకు వాటివల్ల హానిలేదు, తినడానికి మాత్రం పనికిరావు.

కంటికి కనబడని కలుపుమందు

అన్నీ సరిగ్గా చేసినా మొక్క ఫెర్న్ ఆకులా మెలికలు తిరిగి, ఆకులు గిన్నెల్లా ముడుచుకుంటే, కారణం పైవేవీ కాకపోవచ్చు. అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్, పిక్లోరామ్ అనే కలుపుమందులు గడ్డిజాతి పంటలను ఏమీ చేయకుండా వెడల్పాకు కలుపును మాత్రం చంపుతాయి. వాటిని చల్లిన చేలో గడ్డి పచ్చగా, ఆరోగ్యంగా కనబడుతుంది. కానీ మందు కాడలోనే ఉండిపోతుంది. పశువు తిని పేడ వేసినా, ఆ పేడను కంపోస్టు చేసినా త్వరగా విచ్ఛిన్నం కాదు. టమాటా, బంగాళాదుంప, చిక్కుడుజాతి మొక్కలు వందకోట్లలో కొన్ని వంతుల మోతాదుకే దెబ్బతింటాయి. 2008లో బ్రిటన్‌లో పశువుల ఎరువు వేసిన కూరగాయల మడులు ఇలాగే పాడైతే, అమినోపైరాలిడ్ ఉన్న మందుల అనుమతిని అక్కడ తాత్కాలికంగా నిలిపివేశారు.

అందుకే తెలియని చోటి గడ్డికి ముందు చిక్కుడు పరీక్ష పెట్టడం తెలివైన పని. నానబెట్టిన గడ్డిని మామూలు మిశ్రమంతో సగంసగం కలిపి మూడు చిన్న కుండీల్లో, గడ్డి లేని మిశ్రమంతో ఇంకో మూడింటిలో చిక్కుడు లేదా బఠాణీ గింజలు వేసి మూడు వారాలు చూడాలి. గడ్డి ఉన్నవాటిలో మాత్రమే ఆకు ముడుచుకుంటే ఆ మోపు మొత్తం పక్కన పెట్టాల్సిందే. ఉత్త పసుపు రంగు వస్తే అది నత్రజని గొడవ, మందుది కాదు.

కొబ్బరి పొట్టు, పీట్, ఊక పక్కన పెడితే

గడ్డికి ప్రత్యామ్నాయాలతో పోలికలో ఒక చిక్కు ఉంది. కొబ్బరి పొట్టులోనూ కర్బన, నత్రజనుల నిష్పత్తి 80కి తక్కువేం కాదు, చాలాసార్లు ఎక్కువే. రంపపు పొట్టులో 400 దాకా ఉంటుంది. మరి కొబ్బరి పొట్టు మొక్కను అంతగా ఎందుకు ఇబ్బంది పెట్టదు? నిష్పత్తి ఎంత అన్నదొక్కటే కాక, ఆ కర్బనం ఎంత సులువుగా అందుతుందన్నదీ ముఖ్యం. కొబ్బరి పొట్టులో లిగ్నిన్ చాలా ఎక్కువ. సూక్ష్మజీవులకు అది కొరుకుడుపడని పదార్థం, మెల్లగా తింటాయి కాబట్టి మెల్లగానే నత్రజని అడుగుతాయి. గడ్డిలో సెల్యులోజ్ పాలు ఎక్కువ, లిగ్నిన్ తక్కువ. నాలుగు రోజుల తడి తగిలితే విందు మొదలవుతుంది. కుండీ కుంగడానికీ అదే కారణం. పచ్చి గడ్డితో నింపిన కుండీలో మట్టం ఒక పంటకాలంలో సగానికి దిగడం మామూలే, కొబ్బరి పొట్టు మాత్రం ఏళ్లు నిలుస్తుంది.

పీట్‌కు, అంటే చిత్తడి నేలల్లో సగం చివికి పేరుకున్న మొక్కల పదార్థానికి, నీటిని పట్టడంలో, పోషకాలను నిలపడంలో సాటి తక్కువ. దానిమీద వ్యతిరేకత వేరే కారణం వల్ల. భూతలంలో సుమారు 3 శాతమే ఉన్న పీట్ నేలలు మట్టిలోని కర్బనంలో దాదాపు మూడో వంతును దాచి ఉంచాయి, తవ్వితే అది గాల్లోకి పోతుంది. గడ్డి వైపు చూపు మళ్లడానికి ఇదొక ముఖ్య కారణం. కొబ్బరి పొట్టుకు ఉప్పు కడుక్కోవాల్సిన బెడద ఉంది. వరి ఊక సిలికా వల్ల నిదానంగా చివుకుతుంది, నీరు పట్టదు. పెర్లైట్ అనే తేలికపాటి తెల్లని ఖనిజ గుళికల స్థానంలో గాలి కోసం కలపడానికి అది బాగుంటుంది.

గడ్డిని వీటితో సమానంగా నిలబెట్టి గెలుపు ఓటములు చూడటం అంత న్యాయం కాదు. అవి సరుకులు. గడ్డి ఇంకా సగంలో ఉన్న కంపోస్టు. దానికి సరిగ్గా పోల్చదగినది పుట్టగొడుగుల పెంపకంలో వాడి తీసేసిన గడ్డి. ముత్యపు చిప్ప పుట్టగొడుగు తినడానికి సులువైన కర్బనాన్ని ముందే తినేసి, మైనపు పూతను ఛేదించి, కాడను మెత్తబరిచి వదిలిపెడుతుంది. ఇంట్లో రెండు నెలలు పట్టే పని అక్కడ జరిగిపోయి ఉంటుంది. ఉప్పులుంటాయి కాబట్టి ఒకసారి కడిగి, మిశ్రమంలో మూడో వంతుకు మించకుండా వాడితే పచ్చి గడ్డి కంటే ఎంతో నమ్మకమైనది.

నాలుగు కుండీల ప్రయోగం

గడ్డి పనిచేసిందనో చేయలేదనో తేల్చే కబుర్లలో ఎక్కువ భాగం ఒకే కుండీ మీద ఆధారపడినవి. పక్కన పోల్చడానికి ఇంకొకటి లేనప్పుడు, తప్పు గడ్డిదో, నారుదో, ఎండదో చెప్పలేం. కనీసం నాలుగు రకాల కుండీలు కావాలి: పచ్చి గడ్డి ఒక్కటే, మాగిన గడ్డి ఒక్కటే, మాగిన గడ్డి సగం కంపోస్టు సగం, రోజూ వాడే మిశ్రమం. ఒక్కోదానికి మూడు కుండీలు ఉంటే ఒకటి పురుగు పాలైనా లెక్క చెడదు. నారు ఒకే మడిలోది, ఒకే వయసుది అయి ఉండాలి.

అన్నింటికీ ఒకే కొలత నీరు పోయడం న్యాయంగా అనిపిస్తుంది గానీ ప్రయోగాన్ని పాడుచేసేది అదే. గడ్డి కుండీ ఎండిపోతుంది, కంపోస్టు కుండీ మురిగిపోతుంది, చివరికి కొలిచింది నీటి తేడానే అవుతుంది. ప్రతి కుండీని నిండా తడిసినప్పుడు తూచి, ఆ బరువులో ఇంత తగ్గితే నీరు అని పెట్టుకోవడం మేలు. వారానికోసారి మొక్క ఎత్తు, పసుపెక్కిన అడుగు ఆకుల సంఖ్య, అంచు నుంచి మిశ్రమం ఎంత కుంగిందన్నది రాసుకుంటే చాలు.

ఏ మొక్క ఎంచుకున్నారన్నదీ జవాబును మారుస్తుంది. పాలకూర, తోటకూర లాంటి ఆకుకూరలు నత్రజని లోటును మొదటి వారాల్లోనే బయటపెడతాయి. చిక్కుళ్లు వేరు బుడిపెలతో గాలి నత్రజనిని పట్టుకుంటాయి కాబట్టి మొదట్లో కాస్త ఆసరా ఇస్తే తర్వాత నెట్టుకొస్తాయి, వాటిని మాత్రమే పెంచి గడ్డి భేషుగ్గా ఉందనడం తొందరపాటే. క్యారెట్, ముల్లంగి పెట్టడం దండగ. కుంగే మిశ్రమంలో దుంప భుజాలు బయటపడి పచ్చబడతాయి.

పంట తీసేశాక కుండీలో మిగిలినది పారేయకూడదు. కిలో గడ్డి అర కిలో కూడా ఉండదు, నల్లగా, వేళ్లతో అల్లుకుని ఉంటుంది. సూక్ష్మజీవులు పట్టి ఉంచిన నత్రజని ఇప్పుడు దానిలోంచే మెల్లగా వదులవుతుంటుంది. వేళ్లు విడదీసి, సగం వరకు కొత్త మిశ్రమంలో కలిపి అదే కుండీలో రెండో నారు నాటితే, ఈసారి అడుగు ఆకులు పచ్చగానే ఉంటాయి.